హైదరాబాద్ నుంచి డాలస్: 14,400 కిలోమీటర్లకు ఇరవై మూడున్నర గంటలెందుకు?

అక్క పురుటికని అమ్మానాన్నలకు డాలస్ టికెట్లు తీశాం. ఇద్దరికీ అదే మొదటి విదేశీ ప్రయాణం. ప్రింట్ తీసిన కాగితం పట్టుకుని నాన్న హాల్లో చాలాసేపు కూర్చున్నారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, దుబాయ్‌లో విమానం మారి, అదే రోజు సాయంత్రం 5 గంటలకు డాలస్‌లో దిగుతారని ఉంది. తిరుగు ప్రయాణంలో మాత్రం సోమవారం సాయంత్రం 7కి ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 2:50కి. "ఒరేయ్, వెళ్లడానికి 13 గంటలు, రావడానికి 32 గంటలా? ఇదేం లెక్కరా?" అన్నారు.

ప్రశ్నలో తప్పేం లేదు, కాగితం మీద అంకెలు అలాగే ఉన్నాయి. రెండు ఊళ్ల గడియారాలు వేరని చెప్పాను. ఒప్పుకున్నారు గానీ, అరగంట తర్వాత క్యాలెండర్ వెనక ఇంకో లెక్క వేసి తెచ్చారు: ఫోన్లో దూరం 14,400 కిలోమీటర్లు అని చూపిస్తోంది, విమానం గంటకు 900 పోతుందంటారు, భాగిస్తే 16 గంటలు, మరి నువ్వు చెప్పే ఇరవై మూడున్నర ఎక్కడిది? దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తల్లిదండ్రుల్ని అమెరికా పంపే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది కాబట్టి, తెలుసుకున్నదంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు గడియారం సంగతి, ఇది తేలిక. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. హైదరాబాద్ 4 గంటలు అంటే మన 4 గంటలు, డాలస్ 5 గంటలు అంటే వాళ్ల 5 గంటలు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు, మనం మార్చం. రెండు టైములనూ మన టైమ్‌లోకి తెచ్చేస్తే చిక్కు విడిపోతుంది. డాలస్ సాయంత్రం 5 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:30, అంటే వెళ్లేటప్పుడు ఇరవై మూడున్నర గంటలు. వచ్చేటప్పుడు సోమవారం సాయంత్రం 7 అంటే మనకు మంగళవారం ఉదయం 5:30, అక్కణ్నుంచి బుధవారం 2:50 వరకు 21 గంటల 20 నిమిషాలు. కాగితం మీద 32 గంటల్లా కనిపించిన తిరుగు ప్రయాణమే నిజానికి రెండు గంటలకు పైగా తక్కువ. అది ఎందుకు తక్కువో తర్వాత చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది.

ఇప్పుడు 14,400 అనే అంకె. అది ఏ విమానమూ ప్రయాణించే దూరం కాదు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి గీత పొడవు అది, ఆ రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, సూత్రం పెట్టి ఎవరైనా లెక్కకట్టొచ్చు. శంషాబాద్ సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, డాలస్ విమానాశ్రయం 32.9 డిగ్రీల ఉత్తరం, 97.04 డిగ్రీల పశ్చిమం. రేఖాంశాలు కలిపి చూడండి: 175న్నర డిగ్రీలు. 180 అయ్యుంటే డాలస్ రేఖాంశం సరిగ్గా మన రేఖాంశానికి అవతలి వైపున ఉండేది, అప్పుడు అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగానే వెళ్లేది. నాలుగున్నర డిగ్రీలు తగ్గింది కాబట్టి ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల పక్కనుంచి వెళ్తుంది.

గోడ మీద ప్రపంచ పటం చూసి పెరిగిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. పటంలో అమెరికా ఎడమ చివర ఉంటుంది కాబట్టి విమానం అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పడమరగా పోవాలనిపిస్తుంది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు పైన, కింద ఉన్న ప్రాంతాలు సాగిపోతాయి. స్కూల్లో మనం ఎక్కువగా చూసిన పటం 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిదే, ఓడ నడిపేవాడికి దిక్కు తెలియడానికి గీసింది, దూరాలు కొలవడానికి కాదు. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొన హైదరాబాద్ మీద, ఇంకో కొన డాలస్ మీద పెట్టి బిగువుగా లాగండి. దారం దానంతట అదే పైకి జారి ధ్రువం పక్కకు చేరుతుంది. నాన్నకు నేను ఎంత చెప్పినా ఎక్కనిది పక్కింటి అబ్బాయి గ్లోబు, అమ్మ కుట్టుదారం తెచ్చి చూపిస్తే నిమిషంలో ఎక్కింది.

ఆ దారం ఎక్కడెక్కడ నుంచి వెళ్తుందో చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి, ఢిల్లీ చుట్టుపక్కల నుంచి, కారకోరం కొండల్లో కే2 శిఖరం చేరువగా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్ దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ మంచు సముద్రం. అక్కణ్నుంచి కెనడా ఉత్తర ద్వీపాలు, హడ్సన్ బే పడమటి ఒడ్డు, అమెరికా మధ్య మైదానాలు, డాలస్. పడమరకు అమెరికా వెళ్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి మొదట ఉత్తరానికి ఎక్కి, ఆ తర్వాత దక్షిణానికి దిగుతాం.

ఒక చిన్న గందరగోళం ఇక్కడే తీర్చేద్దాం. ఒక సైట్‌లో ఇదే దూరం 14,400 అని, ఇంకోచోట 8,960 అని, మరోచోట 7,790 అని కనిపిస్తుంది. మూడూ ఒకటే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. ప్రమాణం చూడకుండా అంకెను 900తో భాగించారో, ప్రయాణం ఎనిమిదిన్నర గంటలకు వచ్చేస్తుంది.

మరి ఆ దారం మీదనే ఆగకుండా ఎగరొచ్చు కదా? అంత దూరం పోగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆగకుండా వెళ్లే సర్వీసు ఉంది, పద్దెనిమిదిన్నర గంటలకు పైనే పడుతుంది. మన దగ్గరా జరిగింది: 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, దాదాపు 13,300 కిలోమీటర్లు, వారానికి ఒకసారి. తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికాకు అదే మొదటి నాన్‌స్టాప్. తర్వాత ఆగిపోయింది. ఆ వారంలోనే మొదలైన బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మాత్రం పేరు తెచ్చుకుంది, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అంతా ఆడవాళ్లే ఉన్న కాక్‌పిట్ సిబ్బంది మొదటి విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు నడిపి 2021 జనవరి 11న బెంగళూరులో దింపారు.

దూరం పెరిగేకొద్దీ ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. కారణం ఇంధనం బరువు. పెద్ద బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకులు నింపితే 1,81,000 లీటర్లు, అంటే సుమారు 145 టన్నులు. ఆ విమానం గరిష్ఠంగా 351 టన్నుల బరువుతో ఎగరగలదు. అందులో 40 శాతం ఇంధనమే అన్నమాట! పదహారో గంటలో కాలాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి, ఆ మోయడానికీ ఇంధనం కాలాలి. మధ్యలో ఒకచోట దిగి నింపుకుంటే ఆ భారం తగ్గుతుంది. పైగా హైదరాబాద్ నుంచి డాలస్ ఒక్కచోటికే రోజూ విమానం నిండాలి. దుబాయ్‌లో అయితే కొచ్చి, కరాచీ, ఢాకా, కొలంబో నుంచి వచ్చినవాళ్లు కూడా అదే డాలస్ విమానం ఎక్కుతారు.

అలా దుబాయ్ మీదుగా వెళ్తే దూరం ఎంత పెరుగుతుంది? హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,900, మొత్తం 15,450 దాకా. అతి దగ్గరి గీతకంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లెక్కేస్తే 7,100, 8,250 కలిపి 15,350. రెంటికీ తేడా వంద కిలోమీటర్లు! పటం మీద ఫ్రాంక్‌ఫర్ట్ ఎక్కడ, దుబాయ్ ఎక్కడ. ఇది తెలిశాక నేను మజిలీ ఊరిని దూరం చూసి ఎంచుకోవడం మానేశాను. దూరంలో పెద్ద తేడా లేదు, తేడా అంతా వేరేచోట ఉంది.

ఇక గాలి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లకు తెలుసు, వెళ్లేటప్పుడు గోదావరికి ఎదురు వెళ్లాలి, ఇంజిన్ మూలుగుతూ మెల్లగా సాగుతుంది, వచ్చేటప్పుడు ఏటి వాలుకు తొందరగా వచ్చేస్తాం. నదిలో లాంచీ వేగం ఒకటే, ఒడ్డున ఉన్న చెట్లను దాటే వేగం వేరు. విమానమూ అంతే, అది గాలి అనే నదిలో పోతుంది. 777, 787 లాంటివి ధ్వని వేగంలో 84, 85 శాతం వేగంతో ఎగురుతాయి, అంత ఎత్తులో చలికి ధ్వని వేగమే గంటకు 1,060 కిలోమీటర్ల దగ్గరకు పడిపోతుంది కాబట్టి విమానం వేగం సుమారు 900. కానీ అది చుట్టూ ఉన్న గాలిలో వేగం. నేల మీద ఎంత దూరం దాటుతుందనేది ఆ గాలి ఎటు పోతోందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ముప్పై నలభై వేల అడుగుల ఎత్తులో, ఉష్ణమండలం దాటాక, పడమర నుంచి తూర్పుకు సన్నటి నదుల్లా గాలులు పరుగెడుతుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో బాగా బలపడతాయి, జపాన్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులుంటాయి. వీటిని మొదట కొలిచింది జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి, 1920లలో బెలూన్లు వదిలి. ఆయన తన ఫలితాలను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో అచ్చువేశారు, బయట దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికన్ బాంబర్లు ఆ గాలికి చిక్కి గురి తప్పాకే ప్రపంచానికి దాని బలం అనుభవంలోకి వచ్చింది.

ఆ గాలి సాయం ఎంతుంటుందో చూడాలంటే 2020 ఫిబ్రవరిలో జరిగినది చాలు. తుఫాను రోజు న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మధ్యలో నేల మీద లెక్కన దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అంటే ధ్వని వేగాన్ని దాటిందని కాదు, దాని చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పటిలాగే పోతోంది, ఆ గాలే దాన్ని మోసుకెళ్లింది.

అయితే మన దేశం నుంచి ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పు వైపు, పసిఫిక్ మీదుగా పంపడం మొదలుపెట్టారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! దారి పొడుగునా గాలి వెనక నుంచి తోసింది. తిరిగి వచ్చేటప్పుడు అదే విమానం మళ్లీ తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా ఢిల్లీకి వచ్చేది, అంటే ప్రతి రానుపోనులో భూమిని ఒక చుట్టు చుట్టేసేది. ఎక్కువ కిలోమీటర్లు, తక్కువ గంటలు. కిలోమీటర్లను 900తో భాగించి గంటలు చెప్పేసే పద్ధతి ఎంత పొరపాటో చూపించడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు మా అమ్మానాన్నల టికెట్‌కు వద్దాం. దుబాయ్ నుంచి డాలస్‌కు 16 గంటలు, డాలస్ నుంచి దుబాయ్‌కి 14 గంటల 45 నిమిషాలు. హైదరాబాద్–దుబాయ్ 4 గంటలు, వచ్చేటప్పుడు 3 గంటల 20 నిమిషాలు. అదే దూరం, అదే రకం విమానం, కలిపి రెండు గంటల తేడా, ఎక్కువ భాగం గాలిదే. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగొస్తుందిగా, లెక్క సమమేగా అనుకుంటాం, అదీ కాదు. 9,000 కిలోమీటర్ల దూరం, గాలి లేకపోతే పోను 10, రాను 10, మొత్తం 20 గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే ఎదురుగా 800 వేగంతో పదకొండుంపావు గంటలు, వాలుగా 1,000 వేగంతో 9 గంటలు, మొత్తం ఇరవైంపావు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది తీసుకున్నంత వెనకగాలి తిరిగివ్వదు.

"భూమి తిరుగుతోంది కదా, విమానం పైకెళ్లి అక్కడే నిలబడితే డాలస్ దానంతట అదే కిందికి రాదా?" అని నాన్న అడిగారు, చిన్నప్పుడు నేనూ అడిగాను. హైదరాబాద్ దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది, నిజమే. దాంతోపాటు గాలి, దాంట్లో ఉన్న విమానం, రన్‌వే మీద నిలబడ్డ మనం అన్నీ తిరుగుతున్నాం. కదిలే రైల్లో పైకి ఎగిరితే అదే సీటు దగ్గర పడతాం కదా, అలా. భూమి తిరగడం వల్ల విమానానికి నేరుగా లాభమూ లేదు, నష్టమూ లేదు. కాకపోతే ఆ జెట్ గాలులు పడమర నుంచి తూర్పుకు వంగడానికి మాత్రం భూభ్రమణమే ఒక ముఖ్య కారణం.

గాలి తర్వాత దారిని వంచేవి కొండలు, దేశాలు. కారకోరం, టిబెట్ మీదుగా నేరుగా ఎందుకు పోరంటే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో వచ్చే ఆక్సిజన్ సాధారణంగా పావుగంట అటూఇటూ మాత్రమే ఉంటుంది. టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్లు, అంటే నేలే 14,000 అడుగులు దాటి ఉంది. అంతసేపట్లో కిందికి దిగే చోటు దొరకదు. అందుకే ఢిల్లీ, ముంబయి నుంచి యూరప్ వెళ్లేవన్నీ ఆ కొండల్ని పక్కన పెట్టి పడమరగా పోయి తర్వాత ఉత్తరానికి తిరుగుతాయి.

ధ్రువం దగ్గర ఇంకో రకం కష్టం. భూమధ్యరేఖ పైన ఉండే సమాచార ఉపగ్రహాలు 82 డిగ్రీల అక్షాంశం దాటాక సరిగా అందవు, రేడియో మీద ఆధారపడాలి. జెట్ ఇంధనం రకాన్నిబట్టి మైనస్ 40 లేదా మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి బయటి చలిని కనిపెట్టుకుని ఎత్తు మార్చుకుంటూ పోవాలి. ఏదైనా తేడా వస్తే దిగడానికి ఊరు కావాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, చాలామందికి అక్కడి భాష రాదు, ఇంకో విమానం వచ్చి తీసుకెళ్లేవరకు అక్కడే ఉన్నారు. మా బంధువుల గ్రూపులన్నీ ఆ రెండు రోజులు అదే మాట. అంతదూరపు దారిలో పేరు కూడా వినని ఊళ్లు మన ప్రయాణంలో భాగమేనని అప్పుడు అర్థమైంది.

దేశాల మధ్య గొడవలు గంటల్ని ఎలా పెంచుతాయో ఈ మధ్య బాగా చూశాం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికన్, యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడింది, మన విమానాలకు, గల్ఫ్ విమానాలకు తెరిచే ఉంది. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత జూలై దాకా పాకిస్తాన్ గగనతలం మూసేసింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న మన విమాన సంస్థలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు గుజరాత్ వైపు దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం వియన్నా లాంటి చోట్ల ఆగాల్సి వచ్చింది. టికెట్ మీద 'నాన్‌స్టాప్' అని చూసి పెద్దవాళ్లకు కొన్నవాళ్లు అప్పుడు చాలా ఇబ్బందిపడ్డారు. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లే దారి సముద్రం మీదుగానే కాబట్టి పాకిస్తాన్ మూత దాన్ని పెద్దగా తాకలేదు. అయితే గల్ఫ్‌కూ హామీ లేదు, 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే దోహా మీదుగా వెళ్లే జనం ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుపోయారు. టికెట్ తీసేముందు వారం రోజుల వార్తలు చూడమని నేను అందరికీ చెబుతాను.

టికెట్ మీద రాసే 16 గంటలు పూర్తిగా గాల్లో ఉండే సమయం కూడా కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగేవరకు లెక్క. రన్‌వే దాకా నడవడం, క్యూలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులోనే. పైగా సంస్థలు ఆలస్యాలకు కొంత ముందే కలిపి రాసుకుంటాయి. అందుకే పైలట్ "అరగంట ముందే దిగుతున్నాం" అని చెప్పినా గేటు ఖాళీ లేక లోపలే కూర్చోవాల్సి రావడం మామూలే.

మొత్తానికి నాన్న లెక్క ఇలా తేలింది: 16 గంటలు అనుకున్నది దుబాయ్ చుట్టు, ఎదురుగాలి, రెండుసార్లు ఎక్కి దిగడం కలిపి 20 అయింది, దుబాయ్‌లో ఆగేది మూడున్నర, కలిపితే ఇరవై మూడున్నర. ఈ మూడున్నర ఒక్కటే మన చేతిలో ఉండేది. అందుకే దాని గురించి కాస్త గట్టిగా చెప్తాను.

పిల్లలు టికెట్లు వెతికేటప్పుడు 'తక్కువ సమయం' అని నొక్కి పైన వచ్చింది కొనేస్తారు. అది తక్కువ కావడానికి మామూలుగా కారణం మధ్యలో గంటన్నర మాత్రమే ఉండడం. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే, మోకాళ్ల నొప్పులున్న అరవై ఐదేళ్ల అమ్మ అంత పెద్ద టెర్మినల్లో సెక్యూరిటీ దాటి, రైలెక్కి, ఇంకో గేటుకు ఎలా వెళ్తుంది? విమానం తలుపులు టికెట్ మీది టైమ్ కంటే ముందే మూసేస్తారు. మా పెద్దమ్మకు ఒకసారి ఇదే జరిగింది, వీల్‌చైర్ వచ్చేసరికి విమానం వెళ్లిపోయింది, ఆ రాత్రంతా ఫోన్లో మాకు టెన్షన్. పెద్దవాళ్లకు మూడు నాలుగు గంటలు మంచిది, మొత్తం సమయం రెండు గంటలు పెరిగినా సరే. ఆరేడు గంటలు దాటితే అదీ కష్టమే, ఆ కుర్చీల్లో నడుం పట్టేస్తుంది.

ఇంకోటి, అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పజెప్పాల్సిందీ అక్కడే. దుబాయ్ నుంచి నేరుగా డాలస్ అయితే ఆ పని చివర్లో, అక్క బయట నిలబడి ఉండగా అవుతుంది. అదే షికాగోలో దిగి ఇంకో విమానం ఎక్కేలా తీస్తే, ఇరవై గంటల ప్రయాణం చేసి అలసిపోయిన మనిషి ఇమిగ్రేషన్ ప్రశ్నలకు జవాబు చెప్పి, పెట్టెలు లాగి, మళ్లీ పరుగెత్తాలి. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ ఎక్కేముందే అక్కడే చేసేస్తారు, దానికి తగ్గట్టు అక్కడ కాస్త ఎక్కువ సమయం ఉంచుకోవాలి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలని కూడా చూడండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకోదాంట్లో పంపే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మనదే. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్‌కు పట్టే ఐదు గంటల కారు ప్రయాణం, అక్కడ ముందుగా చేరాల్సిన మూడు గంటలు ఏ సైట్‌ కూడా చూపించదు, అదీ కలుపుకుంటే ఇల్లు వదిలినప్పటి నుంచి ముప్పై గంటలు దాటుతుంది. మందులు, తినే సరుకు ఆ లెక్కన చేతి సంచిలో పెట్టండి.

నాలుగు నెలల తర్వాత తిరిగొస్తున్నప్పుడు అమ్మ సీటు ముందు స్క్రీన్‌ని ఫోటో తీసి ఉంచింది, ఇంటికొచ్చాక చూపించింది. విమానం అట్లాంటిక్ మీద ఉంది, గ్రౌండ్ స్పీడ్ గంటకు 1,068 కిలోమీటర్లు, పక్కనే టెయిల్‌విండ్, అంటే వెనకగాలి, 165. నాన్న ఆ ఫోటో చూస్తూ క్యాలెండర్ వెనకున్న పాత లెక్క తీసి, 900 కొట్టేసి, పక్కన 1,068 రాసి, మళ్లీ భాగించడం మొదలుపెట్టారు.